ఇల్లరికపు చందమామలు

పైడితల్లి రెక్సిన్ సంచీలో రెండు లుంగీలు, రెండు చొక్కాలు పెట్టి, వాటి మీద ఒక దుప్పటి పెట్టి, ఆ దుప్పటి మీద ఇంకో దుప్పటి పెట్టింది. ఓబులేసు పై దుప్పటి తీసి మంచం మీద వేశాడు. ఆమె దాన్ని మళ్ళీ లోపల కుక్కింది.

"మే నెలలో మా సీమకు రెండు దుప్పట్లా? నన్ను కుడుం మాదిరి ఉడకబెట్టాలనుకున్నావా ఏం మే?"

"ఊరు కాని ఊరు. అక్కడ నీకు దుప్పటెవులిస్తారు?"

"ఊరు కాని ఊరేంది? నేను పుట్టిన ఊరు!"

"ఇరవయ్యెనిమిదేళ్ళయింది ఒగ్గేసొచ్చి. అది నిన్ను గుర్తెట్టుకుంటాదేటి?"

"తోకచుక్క డెబ్బై అయిదేండ్లకు ఒకతూరి వచ్చినా గుర్తుపడతారు గదా. నన్ను పట్టరా?"

పైడితల్లి నవ్వలేదు. ఇంట్లోంచి ఎవరు బయటికి అడుగు పెట్టినా ఆమెకు గుండె దడ. మొగుడు ఉప్పు పొట్లానికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా చూసేది. తిరిగాక కూడా కాసేపు మలుపునే చూసేది. అలాంటిది ఇప్పుడు ఆ మనిషి రాష్ట్రం ఈ చివరినించి ఆ చివరికి వెళుతున్నాడు. వెళుతున్న పని, తాను ఈ ఊరివాణ్ణి కానని కాగితం తెచ్చుకోవడం.

అతను ఈ ఊరివాడు కాడని ఊరందరికీ తెలుసు. నోరు విప్పితే చాలు తెలిసిపోతుంది. కానీ ఊరికి తెలియడం వేరు, ప్రభుత్వానికి తెలియడం వేరు.

"బేగి వచ్చీ," అంది పైడితల్లి.

"బిన్నా వచ్చేస్తా," అన్నాడు ఓబులేసు. ఇద్దరూ చెప్పింది ఒకటే. ఎవరి ఊరి మాటలో వాళ్ళు చెప్పారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాటా ఒకరిది ఒకరు నేర్చుకోలేదు.

ఇదంతా ఎలా మొదలయిందో చెప్పాలి.

సముద్రం పక్కనున్న ఆ జిల్లా ఊళ్ళో ప్రభుత్వ నక్షత్రశాల ఒకటి ఉంది. గుమ్మటం పైన పావురాలు, గుమ్మటం లోపల గ్రహాలు. గ్రహాలంటే తీగలకు వేలాడదీసిన రంగు బంతులు. వాటి చుట్టూ చిన్న చిన్న బంతులు, అవి ఉపగ్రహాలు. మోటారు వేస్తే అన్నీ తిరిగేవి. ఆ బంతుల గురించి బడిపిల్లలకు చెప్పే వ్యాఖ్యాత ఓబులేసు. టికెట్ల కిటికీలో పైడితల్లి. గేటు దగ్గర కాపలాదారు సన్నాసి. అందరి మీదా సంచాలకులు చిదానందం గారు.

ఒకనాడు పైనించి ఉత్తర్వు వచ్చింది. ప్రతి కార్యాలయమూ తన బలగంలో స్థానికులెందరో స్థానికేతరులెందరో తేల్చాలనీ, బయటివాళ్ళు నూటికి పదిహేనుగురికి మించరాదనీ దాని సారాంశం. చిదానందం గారు లెక్క వేశారు. ఉన్నది నలుగురు. అందులో ఓబులేసు బయటివాడు. అంటే నూటికి ఇరవై అయిదు. పరిమితి దాటిపోయింది.

చిదానందం గారు చెడ్డవారు కారు. ఓబులేసును పంపెయ్యడం ఆయనకు ఇష్టం లేదు. మనిషిని తగ్గించకుండా శాతం తగ్గించాలంటే మొత్తం బలగాన్ని పెంచాలి. ఎవరిని చేర్చాలా అని తలెత్తి చూశారు. పైన గ్రహాలు కనిపించాయి.

"వీళ్ళంతా మన ఆవరణలో నిత్యం విధులు నిర్వర్తిస్తున్నవారే కదా," అన్నారాయన. అప్పటికప్పుడు గ్రహాలనూ, ఉపగ్రహాలనూ బలగంలో చేర్చి పైకి రాశారు. అన్ని బంతుల మధ్య ఒక్క ఓబులేసు ఏ మూలకని ఆయన ధైర్యం.

పైనించి ఒకే ప్రశ్న వచ్చింది. ఆ ఉపగ్రహాల స్వస్థలం ఏది?

ఓబులేసును పిలిచి అడిగారు. అతను రోజూ పిల్లలకు చెప్పేదే చెప్పాడు. "కొన్ని గ్రహంతో పాటు పుట్టినవి సార్. కొన్ని యాడనో తిరుగుతా ఉండిన రాళ్ళు. ఇటు పక్క పోతా ఉంటే గ్రహం లాగి పట్టేసుకునింది. గురుడికీ శనికీ దూరంగా తిరిగే చిన్నవాటిల్లో శానా మటుకు అట్ల వచ్చినవే అంటారు. లెక్క తీస్తే పుట్టినోటికంటే పట్టుకొచ్చినవే ఎక్కువ సార్."

చిదానందం గారు కుర్చీలో కూలబడ్డారు. ఇరవై అయిదు శాతం కాస్తా సగం దాటిపోయింది.

ఇంకేముంది, 'గ్రహోపగ్రహ స్థానికతా నిర్ధారణ సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు చిదానందం గారు. సభ్యులు ఇద్దరు. ఒకరు ఖగోళశాస్త్రం చెప్పే డాక్టర్ హైమవతి. రెండోవారు రెవెన్యూలో రిటైరయిన రామభద్రం గారు. జిల్లాలో సగం మందికి నేటివిటీ సర్టిఫికెట్లు ఇచ్చింది, మిగిలిన సగానికి నిరాకరించింది ఆయనే.

మొదటి సమావేశంలో అంగారకుడి పెద్ద ఉపగ్రహం ఫోబోస్ విచారణకు వచ్చింది. సన్నాసి నిచ్చెనెక్కి బంతిని విప్పి తెచ్చి బల్లమీద పెట్టాడు.

"ఈయన సంగతి ఏమిటి?" అన్నారు రామభద్రం గారు.

"చెప్పడం కష్టమండీ," అన్నారు హైమవతి. "రూపం చూస్తే గ్రహశకలంలాగే నల్లగా, వంకరటింకరగా ఉంటుంది. బయటినించి వచ్చిందేమో అనిపిస్తుంది. కానీ తిరిగే దారి చూస్తే చక్కగా గుండ్రంగా, గ్రహం నడుముకు సమంగా ఉంటుంది. బయటినించి వచ్చినదానికి అలాంటి దారి కుదరడం కష్టం. అక్కడే పుట్టిందేమో అనిపిస్తుంది."

"అంటే ముఖం నాన్‌లోకల్, నడక లోకల్."

"అలాగే అనుకోండి. ఇంకా తేలలేదు."

"తేలలేదు అన్న మాట ఫైల్లో రాయడానికి వీల్లేదమ్మా. మరేమైనా అనుమానాస్పద ప్రవర్తన ఉందా?"

"ప్రవర్తనంటే... కొద్దికొద్దిగా గ్రహానికి దగ్గరవుతోంది. కోట్ల ఏళ్ళ తరవాత పగిలి ముక్కలవుతుంది."

"రాసుకోండి. గృహంలోకి చొరబడు ఉద్దేశం కలదు."

స్వస్థలమైన గ్రహశకలాల పట్టీనించి అభ్యంతరాలు కోరుతూ జిల్లా పత్రికలో ప్రకటన వేశారు. గడువులోగా ఏ గ్రహశకలమూ అభ్యంతరం తెలపలేదు. అభ్యంతరం లేదు కాబట్టి అక్కడివేనని నిర్ధారించారు. బయటివాళ్ళు పిల్లల కంట పడకూడదని అంగారకుడి రెండు బంతులకూ గోనెసంచి కట్టారు.

తరవాత గురుడి వంతు. శని వంతు. సంచులు చాలక సన్నాసి కిరాణా కొట్టునించి బియ్యం సంచులు పట్టుకొచ్చాడు. నెప్ట్యూన్ చుట్టూ ట్రైటన్ వెనకదిశలో తిరుగుతుందని హైమవతి చెప్పినప్పుడు రామభద్రం గారు లేచి నిలబడ్డారు. "బయటినించి రావడమే కాక, ఎదురు కూడా తిరుగుతున్నదా?" దాన్ని వెంటనే సరయిన దిశలో తిప్పాలని తీర్మానం. ఓబులేసు మోటారు బెల్టు తిప్పి బిగించాడు. ట్రైటన్ తిరగలేదు. నెప్ట్యూనే కాసేపు గిలగిలా కొట్టుకుని కింద పడింది. చూస్తున్న బడిపిల్లలు చప్పట్లు కొట్టి ఇంకోసారి వెయ్యమన్నారు.

మన చందమామ దగ్గర మాత్రం సంఘం తటపటాయించింది.

"భూమిని ఇంకో గోళం వచ్చి గుద్దితే, ఆ తునకల్లోంచి పుట్టాడంటారు," అన్నారు హైమవతి.

"తల్లి లోకల్, తండ్రి బయటివాడు," అన్నారు చిదానందం గారు దిగులుగా. "సంచి కట్టాలంటే ఊరు ఊరుకోదు."

రామభద్రం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "పిల్లలాయన్ని ఏమంటారు? మామ. మామంటే అమ్మకు తమ్ముడు. భూమాతకు తోడబుట్టినవాడు స్థానికుడు కాక మరేమవుతాడు?" ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. చందమామ సంచి లేకుండా బతికిపోయాడు.

అసలు చిక్కు నిర్వచనం దగ్గర వచ్చింది. 'పట్టుబడిన ఉపగ్రహం' అంటే పోలీసు భాషలా ఉందని రామభద్రం గారికి నచ్చలేదు. "ఎక్కడో పుట్టి, ఇంకొకరి ఇంటికి వచ్చి, అక్కడే చుట్టూ తిరుగుతూ ఉండిపోయేవాణ్ణి తెలుగులో ఏమంటాం?"

టీ గ్లాసులు తీస్తున్న సన్నాసి, "ఇల్లరికపల్లుడంటామండి," అన్నాడు.

ముగ్గురి తలలూ ఒక్కసారే మోటారు దగ్గర కూర్చున్న ఓబులేసు వైపు తిరిగాయి. టికెట్ల కిటికీలోంచి ఇది చూసిన పైడితల్లి లేచి నిలబడింది. ఓబులేసును ఇల్లరికం తెచ్చుకున్నది ఆమె నాన్నే.

"ఇంతకాలం ఆకాశంలో వెతుకుతున్నాం," అన్నారు రామభద్రం గారు. "సజీవ నమూనా ఇక్కడే ఉంది!"

ఆ మధ్యాహ్నమే విచారణ.

"నీవు ఈ ఊరికి ఏ వేగంతో ప్రవేశించితివి?"

"లారీలో వచ్చినాం సార్. చెనక్కాయల లోడు. రోడ్డు బాగుండలేదు."

"వచ్చినాం అంటే?"

"నేనూ, మా తమ్ముడు శీనప్ప."

హైమవతి తల ఎత్తారు. "జంటగా వచ్చారా? ట్రైటన్ కూడా జంటగా వచ్చిందనే అంటారు. రెండిట్లో ఒకటి గ్రహం దగ్గర ఆగిపోతుంది. ఆగాలంటే దాని వేగం ఇంకోటి పట్టుకుపోవాలి. ఆ రెండోది విసిరేసినట్టు దూరంగా వెళ్ళిపోతుంది." చివరి మాట ఆవిడ మెల్లగా అన్నారు. సంఘం పనిలో ఉన్నానని ఒక క్షణం మరిచిపోయినట్టున్నారు.

"నీ వేగం ఎచ్చట తగ్గినది?" రామభద్రం గారు వదల్లేదు.

"పెద్దాసుపత్రి కాడ సార్. జ్వరం. మా మామ ఇంటికి పిలుచుకోని పోయి గంజి పోసినాడు. తమ్ముడు లోడు దించి లారీ తోలుకోని పోయినాడు. నాకు జ్వరం తగ్గేలోపల పెండ్లి కుదిర్చినారు."

"ఆహారం?"

"సంగటి సార్."

"ఇరవయ్యెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి సంగటి! స్పష్టమైన వ్యతిరేక దిశా భ్రమణం."

పైడితల్లి ఆగలేక లోపలికి వచ్చేసింది. "నానే వండతన్నానండి. నా చేత్తో. నన్నేటి చేస్తారు?"

"అమ్మా, గ్రహం మీద చర్యకు నిబంధనల్లో చోటు లేదు," అన్నారు రామభద్రం గారు గౌరవంగా.

తీర్మానం చివరికి ఇలా వచ్చింది. ఇల్లరికపు ఉపగ్రహాలన్నిటినీ క్రమబద్ధీకరించడానికి సంఘానికి అభ్యంతరం లేదు. స్వస్థలంనించి మూల ధ్రువపత్రం మాత్రం కావాలి. ఉపగ్రహాలు స్వయంగా వెళ్ళలేవు కాబట్టి వాటి తరఫున నమూనా వెళ్ళి తేవాలి. తెస్తే అదే ప్రాతిపదికన అన్నిటికీ సంచులు విప్పుతారు. తేని పక్షంలో బంతులన్నీ తుక్కు కింద వేలం.

"ఉద్యోగం పోతే పోనీ, ఒగ్గెయ్," అంది పైడితల్లి ఇంటికి వచ్చాక. "ఇద్దరం కలిసి ఇడ్లీ బండెట్టుకుందాం."

"అదిగాదు మే. నా బిడ్డలంతా గోనెసంచుల్లో ఉండారు. శనికి నేను చేత్తో రంగేసినా. ఒక్కతూరి పోయొస్తే అందరూ బయటికొస్తారు."

పిల్లలు లేని ఇల్లు అది. పైడితల్లి సంచీ సర్దింది.

మూడో రోజు ఓబులేసు ఫోన్ చేశాడు.

"ఏటయింది? బయల్దేరావేటి?"

"యాడ మే. ఇక్కడ గ్రామాధికారి నేను ఈ ఊరోణ్ణి అని చెప్పలేనంటాడు. బడి పడిపోయింది, రిజిస్టర్లు చెదలు తినేసినాయి. 'నువ్వు ఈడ పుట్టినట్లు చూసినోళ్ళు ఉండారా?' అన్నాడు. మా అమ్మ చూసింది సార్ అన్నా. 'ఆమెను పిల్చుకోని రా' అన్నాడు."

"చచ్చిపోయింది కదా మీయమ్మ!"

"అదే చెప్పినా. 'అట్లయితే నాలుగేండ్లు తెగకుండా ఈ ఊళ్ళో కాపురముండు, స్థానికుడని రాసిస్తా' అన్నాడు. అది రాసిస్తే నేను ఆడ స్థానికుణ్ణి గానని తేలిపోతుందంట."

పైడితల్లి పరుగున చిదానందం గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన విని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అద్భుతం. మూలస్థానంలో కూడా మూలం లేదన్న మాట. ఇది శాస్త్రానికి కొత్త."

"బాబూ, ఆ మనిషినొచ్చెయ్యమనండి."

"రావద్దని నేనెక్కడన్నానమ్మా? నిరభ్యంతరంగా రావచ్చు. తుక్కు వ్యాపారి కూడా వచ్చి చూసి వెళ్ళాడు."

ఆ మాట ఓబులేసుకు చెప్పింది. చెప్పకపోతే వచ్చేసేవాడేమో. అతను శీనప్ప ఇంటి వసారాలో మంచం వేసుకున్నాడు.

నియమం ఇంకొకటి ఉంది. నాలుగేళ్ళలో ఒక్క రోజు ఊరి ఎల్ల దాటినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకని పైడితల్లే వెళ్ళింది, మరుసటేడు వేసవి సెలవుల్లో, రైలు మారి బస్సు మారి. మొగుడు చిక్కాడు. నల్లబడ్డాడు. ఊరి పిల్లల్ని పోగేసి నాలుగు వంకాయలూ ఒక గుమ్మడికాయా తిప్పి ఆకాశం చెబుతున్నాడు.

"ఇక్కడ గుమ్మటం లేదు మే. అంతా తెరిచే ఉండాది," అన్నాడు సంబరంగా.

వారం ఉండి ఆమె బయల్దేరింది. శీనప్ప పెట్టించిన చెనక్కాయల మూటతో ఆమె సామాను బరువెక్కింది. బస్సు ఆగే చోటు ఊరి ఎల్ల రాయి దాటాక, పక్క ఊరి పొలంలో ఉంది. "నువ్వాగిపో, నాను మోసుకెళ్తాను," అంది. నాలుగడుగులు వేసి మూట దించింది. ఓబులేసు అటూ ఇటూ చూసి, రాయి దాటి వచ్చి మూట ఎత్తుకున్నాడు. బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి చెయ్యి పట్టుకున్నాడు. బస్సు కదిలాక కూడా కాస్త దూరం పక్కనే నడిచాడు.

అదే బస్సులోంచి దిగిన గ్రామాధికారి అతనికి నమస్కారం పెట్టాడు.

"ఓబులేసన్నా, బాగుండావా? ఎల్ల దాటినావే."

"మూట ఎక్కించనీకి వచ్చినా సార్. నూరడుగులు."

"నూరయినా నూరామడలయినా దాటడం దాటడమే గదన్నా. రూలు నేను రాసినానా? రేపటినించి మళ్ళా ఒకటో రోజు వేసుకో."

ఏడాది కాలం గాలికి పోయింది. పైడితల్లికి ఆ సంగతి ఇల్లు చేరాక ఫోన్లో తెలిసింది. ఫోను పెట్టేసి, ఆ మూట విప్పకుండా మంచం కిందికి తోసేసింది.

ఆ తరవాతి వేసవిలో మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఖాళీ చేతులతో వెళ్ళి ఖాళీ చేతులతో బయల్దేరింది. ఓబులేసు ఎల్ల రాయి దగ్గర ఆగిపోయాడు. చెప్పుల కొసలు రాయికి తగిలేలా నిలబడ్డాడు.

"అక్కడే ఉండు. ఒక్కడుగెయ్యకు," అంది.

"వెయ్యన్లే. నువ్వు పో. బస్సొచ్చింది."

ఆమె నూరడుగులూ నడిచింది. ప్రతి పది అడుగులకీ ఆగి వెనక్కి చూసింది. అతను చెయ్యెత్తి ఉంచాడు. బస్సు మలుపు తిరిగేదాకా దించలేదు.

ఇటు నక్షత్రశాలలో కాలం ఆగలేదు. వ్యాఖ్యాత లేనందువల్ల చిదానందం గారి గొంతుతో రికార్డు వేసేవారు. "ఎడమవైపు గోనెసంచిలో గురుగ్రహ ఉపగ్రహములు. కుడివైపు గోనెసంచిలో శని ఉపగ్రహములు. వీటి వివరములు పరిశీలనలో ఉన్నవి." పిల్లలు సంచుల్లోకి వేలు పెట్టి చూడబోతే సన్నాసి అదిలించేవాడు. రాష్ట్రంలోని మిగతా శాఖలు కూడా ఈ పద్ధతి మెచ్చుకుని, జంతుప్రదర్శనశాలలో జిరాఫీకి ముసుగు వేశాయని చెప్పుకున్నారు. హైమవతి సంఘానికి రాజీనామా ఇచ్చారు. రాజీనామా పరిశీలనలో ఉంది.

చివరికి చిదానందం గారు పదోన్నతి మీద రాజధానికి వెళ్ళారు. ఆయన స్థానంలో కొత్త సంచాలకురాలు వచ్చారు, పేరు మృణాళిని. చురుకైన మనిషి. పుస్తకాలు తిరగేశారు. అంగారకుణ్ణి ఏదో పెద్ద గోళం గుద్దగా లేచిన తునకలే ఉపగ్రహాలయ్యాయన్న వాదం ఆవిడకు బాగా నచ్చింది.

"అంటే బయటినించి ఎవరూ రాలేదు!" అన్నారావిడ రామభద్రం గారితో.

"అది అంగారకుడి మాట మేడమ్. గురుడూ శనీ..."

"ఒకరికి వర్తించింది అందరికీ వర్తింపజెయ్యండి. సమానత్వం."

కార్తీక మాసంలో ఉత్తర్వు వెలువడింది. ఆకాశంలో ఎవరూ ఎక్కణ్ణించీ రాలేదు. అందరూ ఎక్కడివాళ్ళక్కడే పుట్టారు. ఇల్లరికపు ఉపగ్రహాల వర్గం మొదటినించీ రద్దయినట్టుగా భావించవలెను. మంత్రిగారి బంధువొకాయన రిబ్బను కత్తిరించాడు. సంచులు విప్పారు. శని రంగు కాస్త వెలిసింది గానీ బంతులన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ తిరిగాయి. ట్రైటన్ కూడా తనకు ఇష్టం వచ్చిన దిశలో తిరిగింది.

ఉత్తర్వులో చివరి పేరా నమూనా గురించి. సదరు ఓబులేసు పుట్టుకతోనే ఈ పట్టణ స్థానికుడు. అతడు ఏ ఊరినించీ రాలేదు కనుక ఏ ఊరికీ వెళ్ళవలసిన అవసరం లేకపోయింది. కావున సెలవు లేకుండా గైరుహాజరైన కాలానికి సంజాయిషీతో వెంటనే విధుల్లో చేరవలెను.

మృణాళిని గారు ఆ కాగితం పట్టుకుని తానే టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చారు. మంచి కబురు స్వయంగా చెప్పాలని ఆవిడ ఉత్సాహం. కొత్తగా వచ్చిన మనిషి, పైడితల్లి నుదురు చూసి కూడా ఏమీ పోల్చుకోలేదు.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా! మీ ఆయన లోకల్. ఎప్పుడు వస్తారు?"

పైడితల్లి చేతిలో ఉన్న టికెట్లు చింపి, వరసలో నిలబడ్డ పిల్లలకు ఇచ్చేసింది. తరవాత కిటికీలోంచి ఆవిడ వైపు చూసి చెప్పింది. "రాడండి."

ఓబులేసు తిరిగి రాలేదు. రెండో లెక్కలో మూడో ఏడు నడుస్తుండగా, ఆ ఉత్తర్వు రావడానికి ముందు వైశాఖంలో, శీనప్ప వసారాలో చనిపోయాడు.